నవల మంచిచెడ్డలు చెప్పవలసింది ఎవరు?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పాఠకుల మాట వినే చోటు కావాలి

ఒక నవల మంచిదో కాదో తేల్చి చెప్పే అధికారం ఎవరిది? బహుమతుల కమిటీలది ఒక మాట, విశ్వవిద్యాలయ పరిశోధకులది మరొక మాట. పుస్తకాన్ని ఇంటికి తెచ్చుకొని, పనులన్నీ ముగిశాక, నిద్ర ఆపుకొని ఆఖరి పుట వరకు చదివిన సామాన్య పాఠకుడికీ ఒక మాట ఉన్నది. ఆ మాటను అడిగి వినే చోటు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల్లో నానాటికీ కరువవుతున్నది.

ఇది సాహిత్యాభిమానుల కాలక్షేపానికి సంబంధించిన చిన్న విషయమని కొట్టిపారవేయడానికి వీలులేదు. తెలుగు నవలల్లో ఒక ముఖ్యమైన శాఖకు ఈ ప్రాంతపు బతుకే కథావస్తువు. గడీలో వెట్టి చేసినవారి మనుమలు, సాయుధ పోరాట కాలంలో అడవి పట్టినవారి బంధువులు, సాగర్ కాలువలో మొదటి నీళ్లు చూసినవారి పిల్లలు ఈ మూడు పట్టణాల్లోనూ, వాటి చుట్టూ ఉన్న పల్లెల్లోనూ ఉన్నారు. నవలలో రాసింది ఎంతవరకు నిజమో, ఎక్కడ కల్పన హద్దు మీరిందో చెప్పగలిగినవారు వీరే. వీరి అభిప్రాయం నమోదు కాకుండా పోతే నష్టం సాహిత్యానికే కాదు, ఈ జిల్లాల చరిత్రకు కూడా.

ఒక మార్కు బిట్టు

నేడు పోటీ పరీక్షలకు చదివే యువకుణ్ణి 'ప్రజల మనిషి' నవల ఎవరు రాశారని అడిగితే రెప్పపాటులో వట్టికోట ఆళ్వారుస్వామి అని జవాబు చెబుతాడు. 'చిల్లర దేవుళ్లు' అంటే దాశరథి రంగాచార్య అంటాడు. రెండు పేర్లూ బిట్ల పుస్తకంలో పక్కపక్కనే ఉంటాయి. తెలంగాణ ఉద్యమ చరిత్ర, సాయుధ పోరాటం, సాహిత్యం పరీక్షాంశాలైన తరువాత ఈ పేర్లు కంఠస్థం చేయనివాడు లేడు. ఆ నవల చదివావా, అందులో కంఠీరవం చేసిన పని నీకు నచ్చిందా అని రెండవ ప్రశ్న వేస్తే మాత్రం చాలామంది మౌనం వహించవలసి వస్తుంది.

ఇది ఆ యువకుల తప్పు కాదు. ఉద్యోగం కావాలి, పరీక్షకు గడువు దగ్గర పడుతున్నది, మార్కు పేరుకే గానీ నవలకు కాదు. కాని నకిరేకల్ ప్రాంతంలో పుట్టిన రచయిత రాసిన నవల, అక్కడికి గంటసేపు ప్రయాణంలో ఉన్న సూర్యాపేటలో, చదివే పుస్తకంగా గాక జ్ఞాపకం పెట్టుకొనే పేరుగా మిగలడం శోచనీయం. ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించారు. పుస్తకాలు స్వయంగా మోసుకొని ఇంటింటికీ తిరిగి అమ్మారు. జైలుకు వెళ్లారు. 1961లో కన్నుమూశారు. పుస్తకం జనం చేతికి చేరాలని అంతగా తపించిన మనిషి పేరు ఒక మార్కు బిట్టుగా మారిపోవడం ఆయనకు జరగవలసిన గౌరవం కాదు.

తెలుగు చదవడమే ఒక సాధన

నిజాం పాలనలో ఈ ప్రాంతపు బడుల్లో ఉర్దూదే పెద్దపీట. కచేరీ భాష ఉర్దూ. తెలుగులో పుస్తకం చదవడం, చదివినదాన్ని గూర్చి నలుగురిలో మాట్లాడడం అప్పట్లో ప్రజలు పట్టుబట్టి సాధించుకొన్న హక్కు. సభ జరపాలన్నా సర్కారు అనుమతి కావాలి. అటువంటి రోజుల్లో గ్రంథాలయమే బడి, గ్రంథాలయమే సభాస్థలి అయింది. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలసింది. దాని స్థాపనకు పూనుకొన్నవారిలో కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు ముఖ్యులు.

మునగాల సూర్యాపేట నుంచి కోదాడ వెళ్లే దారిలోనే ఉన్నది. ఆ పరగణా చుట్టూ నిజాం రాజ్యం, అది మాత్రం ఇంగ్లీషువారి ఏలుబడిలోని కృష్ణా జిల్లాకు చెందిన దీవి వంటిది. లక్ష్మణరావు ఆ సంస్థానానికి దివానుగా పనిచేశారు. 1906లో ఆయన, మిత్రులు కలసి ప్రారంభించిన విజ్ఞాన చంద్రికా మండలి చరిత్ర, శాస్త్ర గ్రంథాలతో పాటు నవలల పోటీలు కూడా నిర్వహించింది. తెలుగులో చారిత్రక నవలకు ఆ పోటీలు ఊపిరి పోశాయి. ఇది గర్వించదగిన విషయమే. అదే మునగాల పరగణాలో 1930ల్లో వెట్టికీ, అక్రమ వసూళ్లకూ వ్యతిరేకంగా రైతులు పెద్ద పోరాటం చేశారన్నది కూడా మరువరాదు. పుస్తకాన్ని పోషించిన చేయీ, పన్ను పిండిన చేయీ ఒకే కోటలో ఉన్నాయి. ఇటువంటి చిక్కు పుట్టుక నుంచే తెలిసినవాడు మునగాల పాఠకుడు. ఏ నవలలోనైనా జమీందారును అచ్చమైన రాక్షసుడిగానో, అచ్చమైన ధర్మరాజుగానో చూపిస్తే ముందుగా అనుమానించేది అతడే.

1941లో ఆంధ్ర మహాసభ జరిగిన చిలుకూరు కోదాడకు చేరువలోనిదే. దానికి అధ్యక్షత వహించినవారు రావి నారాయణరెడ్డి. గ్రంథాలయాలతో మొదలైన కదలిక ఆ సభల మీదుగా సంఘంగా, సంఘం పోరాటంగా మారడం తరువాతి కథ. చదివినదాన్ని గూర్చి నలుగురు కూర్చొని మాట్లాడుకోవడం ఎంత దూరం తీసుకుపోగలదో తెలియడానికి ఈ ప్రాంతానికి బయటి ఉదాహరణ అక్కరలేదు.

సాక్షి పాఠకుడే

ఈ ప్రాంతపు పోరాటాన్ని నవలగా మలచినవారిలో మొదటివారు బయటి జిల్లాల నుంచి వచ్చారు. గుంటూరు ప్రాంతానికి చెందిన బొల్లిముంత శివరామకృష్ణ 'మృత్యుంజయులు' 1947లోనే రాశారు. పోరాటం ఇంకా సాగుతున్న రోజులవి. మహీధర రామమోహనరావు 'ఓనమాలు' రాశారు. ఉర్దూలో కిషన్ చందర్ రాసిన 'జబ్ ఖేత్ జాగే' నవల ఆధారంగా గౌతం ఘోష్ 'మా భూమి' చిత్రం తీశారు. వీరి సానుభూతిని ఎవరూ శంకించరు. కాని వారి రైతు మాట్లాడిన మాట సూర్యాపేట రైతు మాటేనా? ఆ నవలల్లోని పల్లెలో గడి ఉన్న చోట గడి, వాడ ఉన్న చోట వాడ ఉన్నదా? ఈ ప్రశ్నకు విజయవాడలోనో హైదరాబాదులోనో జవాబు దొరకదు.

ఆ తరువాత లోపలి గొంతులు వినిపించాయి. ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి', ఆయన మరణానంతరం వెలువడిన 'గంగు', 1969లో దాశరథి రంగాచార్య రాసిన 'చిల్లర దేవుళ్లు', తరువాత 'మోదుగుపూలు', 'జనపదం' ఈ వరుసలోనివి. 'చిల్లర దేవుళ్లు' సినిమాగా కూడా వచ్చింది. అందులో బతుకుతెరువు వెతుక్కుంటూ తెలంగాణ పల్లెకు వచ్చిన సంగీత విద్వాంసుడు సారంగపాణి కళ్లతో గడి కనిపిస్తుంది. రచయిత ఆ విధంగా బయటి మనిషిని ఎందుకు ఎంచుకొన్నాడు, దానివల్ల కథకు మేలు జరిగిందా, కీడు జరిగిందా అన్నది పాఠకులు వాదించుకోదగిన విషయం. కోదాడ పాఠకుడు ఒకటి చెబుతాడు, సూర్యాపేట పాఠకుడు వేరొకటి చెబుతాడు. సరిహద్దు దాటి వచ్చినవాడి కన్ను కోదాడకు కొత్త కాదు. అవతలి జిల్లాతో పెళ్లి సంబంధాలు, వ్యాపారాలు, రాకపోకలు ఆ ఊరికి నిత్యకృత్యం.

నల్లగొండ జిల్లా నుంచే వచ్చిన బోయ జంగయ్య 'జగడం', 'జాతర' నవలలు, ముదిగంటి సుజాతారెడ్డి 'మలుపు తిరిగిన రథచక్రాలు', 2000లో వెలువడిన వేముల ఎల్లయ్య 'కక్క' కథను మరికొంత ముందుకు తీసుకువెళ్లాయి. 'కక్క' మాదిగవాడ మాటల్లోనే సాగుతుంది. ఆ భాష కష్టంగా ఉన్నదని పెదవి విరిచినవారున్నారు. ఆ మాట అన్నవారికి జవాబు చెప్పవలసింది ఎవరు? నిఘంటువు కాదు. ఆ మాటలు ఇంట్లో వింటూ పెరిగిన పాఠకుడు. ఇంతకాలానికి మా ఇంటి మాట అచ్చులో చూసినం అని అతడు ఒక్క వాక్యం అంటే చాలు, ఆ నవల ఎవరి కోసం పుట్టిందో తేలిపోతుంది. అదే పాఠకుడు ఫలానా ఘట్టం మాత్రం అతికినట్లు లేదని అంటే, ఆ విమర్శకు ఏ పండితుని విమర్శ సాటి రాదు.

ఇక కాలం సంగతి. సాయుధ పోరాటం 1946 నుంచి 1951 వరకు సాగింది. 1946లో పదేళ్ల వయసున్న పిల్లవాడు నేడు తొంభైకి చేరువైన వృద్ధుడు. దొర ఇంట పెళ్లి జరిగితే ఇంటింటికీ ఎంత పడేదో, నాగుకు తెచ్చిన గింజలు ఎన్నేళ్లకు తీరేవో, గడి ముందు నుంచి చెప్పులు వేసుకొని నడిచినవాడికి ఏమయ్యేదో చెప్పగలవారు వేళ్ల మీద లెక్కించదగినంత మందే మిగిలారు. వారిలో చదవలేనివారు కూడా ఉన్నారు. వారికి మనుమడో మనుమరాలో 'ప్రజల మనిషి'లో ఒక అధ్యాయం చదివి వినిపించి, తాతా, ఇది నిజమేనా అని అడిగితే వచ్చే జవాబు ఆ నవలపై వచ్చిన అన్ని సమీక్షల కంటే విలువైనది. పది సంవత్సరాల తరువాత అడుగుదామంటే చెప్పడానికి ఎవరూ ఉండరు.

అంచుల్లో పెన్సిలు రాతలు

పాఠకుల అభిప్రాయ వేదికలు ఈ ఊళ్లకు కొత్తవి కావు. వాటికి ఆ పేరు లేదంతే. 1970, 80 దశకాల్లో తెలుగు పట్టణాల్లో వీధి వీధికీ అద్దె పుస్తకాల దుకాణాలు ఉండేవి. కిళ్లీకొట్టు పక్కనో, సైకిలు షాపు అరుగు మీదో నాలుగు చెక్కల అలమార, అట్టలు వేసి కుట్టిన నవలలు, రోజుకు పైసల్లో అద్దె. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ', 'మీనా', మాదిరెడ్డి సులోచన నవలలు, తరువాత యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' చేతులు మారి మారి నలిగిపోయేవి. ఎమెస్కో పాకెట్ పుస్తకాలు మధ్యతరగతి ఇంట్లోకి నవలను సొంత ఆస్తిగా తెచ్చాయి. విశాలాంధ్ర వారి సంచార పుస్తకశాల ఊళ్లు తిరుగుతూ మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు కారుచౌకగా అందించేది. గోర్కీ 'అమ్మ'ను క్రొవ్విడి లింగరాజు తెలుగు సేత వల్ల ఎందరో సామాన్యులు చదివారు. 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమయ్యాక ఆ చౌక పుస్తకాల రాక ఆగిపోయింది.

అద్దె నవలల అంచుల్లో పాఠకులు పెన్సిలుతో తీర్పులు రాసేవారు. బాగుంది అని ఒకరు, దాని కిందనే నీ మొహం అని మరొకరు. నాయిక తొందరపడింది అని ఒక చేతిరాత, నీకేం తెలుసు ఆడదాని బాధ అని ఇంకొక చేతిరాత. కోపం వచ్చినవాడు ఆఖరి పుట చింపివేసేవాడు. కథ ముగింపు ముందుగానే మొదటి పేజీలో రాసి మిగిలినవారి ఆనందం పాడుచేసే ప్రబుద్ధులు కూడా లేకపోలేదు. పుస్తకాన్ని పాడుచేయడం సమర్థనీయం కాదు. కాని ముక్కూ ముఖమూ తెలియని పదిమంది ఒకే పుట మీద వాదించుకొన్నారన్నది గమనార్హం. దుకాణం యజమాని కూడా విమర్శకుడే. ఎవరికి ఏ నవల ఇవ్వాలో, ఏది వారం తిరగకుండా వాపసు వస్తుందో అతనికి తెలిసినట్లు ప్రచురణకర్తకు కూడా తెలియదు.

వారపత్రికల్లో ధారావాహికలు నడిచిన కాలంలో పాఠకుల ఉత్తరాలకు రచయితలు, సంపాదకులు భయపడేవారు. ఒక పాత్రను అన్యాయంగా చంపితే పోస్టుకార్డులు వచ్చిపడేవి. ఆ పత్రికల్లో చాలావాటి ప్రచురణ ఆగిపోయింది. పోస్టుకార్డూ ఆగిపోయింది.

ఆ రోజుల్లో నవలలు ఎక్కువగా చదివింది స్త్రీలు. వారి అభిరుచిని పండితులు చిన్నచూపు చూశారు. కారు, మేడ, ఆరడుగుల నాయకుడు తప్ప అందులో ఏమున్నదని ఎగతాళి చేశారు. ఎగతాళిలో కొంత నిజం ఉండవచ్చు. అయితే 'సెక్రటరీ'లో ఉద్యోగం చేసుకొని తన కాళ్ల మీద నిలబడిన జయంతిని చూసి, బయటకు వెళ్లి సంపాదించే ఆడపిల్ల ఆత్మగౌరవం గూర్చి ఇంటి వసారాలో చర్చ చేసిన పాఠకురాళ్ల సంగతి ఆ పండితుల లెక్కలోకి రాలేదు. డాక్టర్ పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు'లోని ఇందిర మంచిదా చెడ్డదా అన్న వాదన నేటికీ తెగలేదు. ఇంటి బాధ్యత అంతా మోసిన ఆడపిల్ల తన సుఖం తాను చూసుకొంటే తప్పేమిటని అడిగే స్త్రీలు ప్రతి ఊరిలోనూ ఉన్నారు. ఆ ప్రశ్నను నలుగురిలో అడిగే అవకాశం వారికి దొరకడం అరుదు.

గ్రంథాలయం తలుపు తెరిచే ఉన్నది, కాని...

నేడు రాష్ట్రంలోని ఏ గ్రంథాలయంలో చూసినా బల్లల నిండా పోటీ పరీక్షల అభ్యర్థులే. ఈ మూడు పట్టణాలు ఇందుకు మినహాయింపు కావు. వారికి చోటు ఇవ్వడం గ్రంథాలయాల ధర్మమే. పేద ఇంటి పిల్లలకు అంతకు మించిన నీడ లేదు. ఇబ్బంది ఏమిటంటే ఆ బల్లలకు వెనుక అలమారల్లో ఉన్న నవలలను అడిగేవారు తగ్గిపోయారు. అడిగేవారు తగ్గినకొద్దీ కొత్తవి కొనడమూ తగ్గుతుంది. కొత్తవి రానందున అడిగేవారు ఇంకా తగ్గుతారు.

1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్ను కట్టే ప్రతివాడూ రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నాడు. నవల చదవనివాడి డబ్బు కూడా అందులో ఉన్నది. కాని ఏ పుస్తకాలు కొనాలన్న నిర్ణయంలో కట్టినవాడి మాటకు స్థానం ఎంత? జాబితాలు పైనుంచి వస్తాయి, పుస్తకాలు కట్టలుగా వస్తాయి. ఫలానా నవల మా ఊరివారికి కావాలి అని ఒక పాఠకుడు రాతపూర్వకంగా అడిగే పద్ధతి, ఆ అడిగినదానికి విలువ ఇచ్చే అలవాటు పాదుకోలేదు.

2016లో సూర్యాపేట ప్రత్యేక జిల్లా అయింది. సూర్యాపేట, కోదాడ ఆ జిల్లాలోకి వెళ్లాయి, మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలో ఉండిపోయింది. కాగితాల మీద జిల్లాలు విడిపోయినా చరిత్ర, కాలువ, మాట ఒకటే. గ్రంథాలయ వ్యవహారాలు మాత్రం ఇప్పుడు రెండు జిల్లాల పరిధిలో నడవవలసి వస్తున్నది. ఒకే నవల ఒక ఊరిలో దొరికి, పక్క ఊరిలో దొరకకపోవడానికి ఇది సాకు కాకూడదు.

మిర్యాలగూడ విషయం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 1967లో నాగార్జునసాగర్ నీళ్లు వదిలిన తరువాత ఎడమ కాలువ కింద ఈ ప్రాంతపు రూపం మారిపోయింది. మెట్ట మాగాణి అయింది, రైసు మిల్లులు లేచాయి, అవతలి జిల్లాల నుంచి రైతులు వచ్చి స్థిరపడ్డారు. భూమి విలువ పెరిగినకొద్దీ అన్నదమ్ముల మధ్య గట్లు కూడా పెరిగాయి. వాసిరెడ్డి సీతాదేవి 'మట్టిమనిషి' గుంటూరు ప్రాంతపు కథ. అందులో చెమటోడ్చి భూమి కూడబెట్టిన సాంబయ్య, ఆ భూమిని పట్నపు మోజులో కరగదీసే కొడుకు వెంకటపతి మిర్యాలగూడ పాఠకుడికి పరాయివారుగా తోచరు. ఇటువంటివారు మా ఊరిలో కూడా ఉన్నారని చెప్పి, మరి మా కాలువ కథ ఎవరు రాస్తారని అతడు అడిగితే, ఆ ప్రశ్న నుంచే రేపటి నవల పుట్టవచ్చు. పాఠకుడు నోరు విప్పని చోట రచయితకు ఏ కథ కావాలో తెలియదు.

ఆక్షేపణలు లేకపోలేదు

నవలలు చదివేవారు ఎక్కడున్నారు, అందరూ ఫోన్లలో మునిగి ఉన్నారు గదా అని కొందరు అంటారు. చదివేవారు తగ్గిన మాట నిజం. కాని చదివినవారు తమతో మాట్లాడేవారు లేక మానుకొంటున్నారన్నది కూడా అంతే నిజం. సినిమా చూసివచ్చినవాడు హోటలు బల్ల దగ్గరే దాని గుణదోషాలు ఏకరువు పెడతాడు, వినేవారుంటారు. నవల చదివినవాడికి ఆ భాగ్యం లేదు. తోడు దొరికితే పఠనం నిలుస్తుంది.

చర్చ పెడితే రాజకీయాలు వస్తాయి, కులాల గొడవలు వస్తాయి అని మరికొందరు భయపడతారు. వస్తాయి, నిజమే. 'చిల్లర దేవుళ్లు' గూర్చి మాట్లాడుతూ దొరల సంగతి ఎత్తకుండా ఉండడం సాధ్యం కాదు. 'కక్క' గూర్చి మాట్లాడుతూ వాడ సంగతి ఎత్తకుండా ఉండడం న్యాయం కాదు. ఒకే బల్ల ముందు దేశ్‌ముఖుల వంశీయుడు, వెట్టి చేసిన కుటుంబంవాడు కూర్చోవలసి రావచ్చు. అయితే వీధిలో తగవుగా మారే విషయాన్ని నవల మీద పెట్టి మాట్లాడుకొంటే తిట్టుకు బదులు వాదం వస్తుంది. నీ తాత అనే బదులు ఆ పాత్ర అనవచ్చు. ఆ మాత్రం మర్యాదను నవల కల్పిస్తుంది.

సామాన్యులకు విమర్శ చేతగాదనేది మూడవ ఆక్షేపణ. బాగుంది, బాగాలేదు అనే రెండు మాటల దగ్గరే ఆగిపోతే ఈ ఆక్షేపణ నిలుస్తుంది. ఆగకుండా ఉండేందుకు పెద్ద చదువు అక్కరలేదు. ఏ పాత్ర పుస్తకం మూసిన తరువాత కూడా వెంట వచ్చింది? ఎక్కడ చదువుతుంటే నమ్మబుద్ధి కాలేదు? ఇటువంటిది మన ఊరిలో జరిగిందా, జరిగితే ఇట్లాగే జరిగిందా? ఈ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పగలవాడు విమర్శకుడే. మిల్లు గుమాస్తా అయినా, బస్సు కండక్టరు అయినా, ఇంటిపని చేసుకొనే గృహిణి అయినా ఈ జవాబులకు అర్హులు కానివారు లేరు. తనకు నచ్చని ప్రసిద్ధ నవలను నచ్చలేదని ధైర్యంగా చెప్పగలగడం కూడా ఇందులో భాగమే. 'వేయిపడగలు' సగంలో ఆపేశాను అని చెప్పడానికి ఎవరూ సిగ్గుపడనక్కరలేదు. ఎందుకు ఆపావో చెప్పితే చాలు.

చేయదగిన పనులు

దీనికి లక్షల రూపాయలు అవసరం లేదు. మొదటిది, ప్రతి శాఖా గ్రంథాలయంలో ఒక అభిప్రాయాల పుస్తకం ఉంచాలి. నవల వాపసు ఇచ్చే పాఠకుడు అందులో నాలుగు పంక్తులు రాయాలి. పేరు ఇష్టమైతే రాయవచ్చు, లేకుంటే వృత్తి, ఊరు రాస్తే చాలు. అద్దె నవలల అంచుల్లో జరిగిన వాదన పుస్తకానికి హాని లేకుండా ఇక్కడ సాగుతుంది. కొత్త పుస్తకాలు ఎంచేటప్పుడు జిల్లా గ్రంథాలయ సంస్థలు ఆ రాతలను పరిశీలించాలి.

రెండవది, నెలకు ఒక సాయంత్రం, ఒక నవల. ఒక నెల సూర్యాపేటలో, మరుసటి నెల కోదాడలో, ఆ తరువాత మిర్యాలగూడలో. ఉపన్యాసకులు వద్దు, పూలదండలు వద్దు, వేదిక వద్దు. చదివి వచ్చినవారే మాట్లాడాలి, ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. ఆడవారు రావడానికి వీలైన వేళ పెట్టాలి. పెద్ద వయసువారిని ఇంటి నుంచి తోడు పెట్టి తీసుకురావాలి. పోటీ పరీక్షల అభ్యర్థులను ప్రత్యేకంగా పిలవాలి. గంటసేపు ఆ చర్చలో కూర్చొన్నవాడు ఆళ్వారుస్వామి పేరును మళ్లీ కంఠస్థం చేయనక్కరలేదు.

మూడవది, ఈ ప్రాంతపు బతుకు మీద వచ్చిన నవలలకు ఒక ప్రత్యేక అలమార. బయటివారు రాసినవి, లోపలివారు రాసినవి పక్కపక్కనే ఉండాలి. పోల్చి చూసే అవకాశం పాఠకుడికి ఇవ్వాలి. ప్రతులు దొరకని పాత నవలలు ఇళ్లలో అటకల మీద ఉండవచ్చు. వాటిని ఇచ్చేవారి నుంచి స్వీకరించాలి.

నాలుగవది, వృద్ధుల మాట. నవల చదివి వినిపించినప్పుడు వారు చెప్పిన సంగతులను కళాశాల విద్యార్థులు రాసి పెట్టాలి. ఫోనులో గొంతు పట్టి ఉంచడం నేడు పిల్లవాడికి కూడా తెలిసిన పని. ఫోను పఠనానికి శత్రువని వాపోయే బదులు ఈ పనికి వాడుకోవచ్చు.

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. జెండా ఎగురవేయడం, వ్యాసరచన పోటీలు, బహుమతి ప్రదానం ఆనవాయితీగా సాగుతాయి. ఆ ఏడు రోజుల్లో ఒక సాయంత్రం మూడు పట్టణాల్లోనూ 'ప్రజల మనిషి' మీద పాఠకుల చేత మాట్లాడించడంతో ఈ పనికి శ్రీకారం చుట్టవచ్చు. రెండు జిల్లాల గ్రంథాలయ సంస్థలు అందుకు తగినన్ని ప్రతులు నెల ముందుగానే శాఖలకు పంపాలి. పాఠకులు తమ వంతుగా ఇంట్లోని పెద్దలకు ఆ నవల చదివి వినిపించి, వారిని వెంటబెట్టుకొని రావాలి.